మన సంఘం ఓ రాజు పెళ్ళి కోసమే పుట్టిందా?

ఈ వారం ఉత్తరం కృష్ణా జిల్లా నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 28 ఏళ్ళు, విజయవాడలో ఉద్యోగం. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం ఆరు పేజీలుంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం నా మాటల్లో చెబుతాను.

వాళ్ళ నాన్నగారు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టెంట్) సంఘంలో 31 ఏళ్ళు అయ్యగారిగా, అంటే పాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. తాతగారు అంతకుముందు పల్లెల్లో ఉపదేశిగా తిరిగినవారు. ఆఫీసులో పరిచయమైన అబ్బాయిని ఈ అమ్మాయి మూడేళ్ళుగా ఇష్టపడుతోంది. వాళ్ళది గుంటూరు వైపు ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్ కుటుంబం, ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకు తప్పకుండా వెళ్తారు. పోయిన క్రిస్మస్‌కు రెండిళ్ళలోనూ విషయం చెప్పారు. ఇటు నాన్నగారు "వాళ్ళు మరియమ్మకు మొక్కుతారు, మన విశ్వాసం వేరు" అన్నారు. అటు అబ్బాయి నాన్నగారు "అమ్మాయి మా సభలోకి మారాలి, పుట్టే పిల్లలకు జ్ఞానస్నానం మా గుడిలోనే జరగాలి" అన్నారు. పైగా ఓ వాట్సాప్ మెసేజ్ పంపించారు. వీళ్ళ సంఘాన్ని పెట్టింది ఆరు పెళ్ళిళ్ళ రాజు అని, పెళ్ళాన్ని వదిలేయడానికి రోమ్‌లోని కేథలిక్ మతాధిపతి పోపు ఒప్పుకోకపోతే సొంత మతం పెట్టుకున్నాడని అందులో ఉంది.

ఒక రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ అదే గొడవ. "వాళ్ళవి మనుషులు కల్పించిన ఆచారాలు, మనది వాక్యం మీద నిలబడిన సంఘం" అన్నారట నాన్నగారు. ప్రైవేటుగా చదివి హిస్టరీలో ఎం.ఏ. పూర్తి చేసిన ఈ అమ్మాయి ఉండబట్టలేక, "మన సంఘం పుట్టిందే ఓ రాజు రెండో పెళ్ళి కోసం నాన్నా. 31 ఏళ్ళు మీరు చేసింది ఆ రాజు కొలువే" అనేసింది. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. రెండు నెలలైంది. అవసరమైతేనే మాట్లాడుతున్నారు. ఆ ఇంట్లో రోజూ రాత్రి ఆయనే చేసే కుటుంబ ప్రార్థన ఇప్పుడు అమ్మగారు చేస్తున్నారు.

"నేనన్నది అబద్ధమా? క్షమాపణ చెప్తే చదువుకున్నదంతా తప్పని ఒప్పుకున్నట్టు కాదా? నేను ఆర్‌సీఎంలోకి మారాలా, రిజిస్టర్ మ్యారేజ్ చేసుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని అడుగుతోంది.

అమ్మా,

ఆ రాత్రి మీ నోటి వెంట వచ్చినవి రెండు మాటలు. మొదటిది చరిత్ర గురించి, రెండోది మీ నాన్నగారి గురించి. మొదటి దాంట్లో సగం నిజముంది. రెండో దాంట్లో నిజమే లేదు. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయింది రెండో మాటకేనని నాకనిపిస్తోంది. అయినా చరిత్రతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ సగం నిజాన్ని పట్టుకునే రెండు కుటుంబాలూ కొట్టుకుంటున్నాయి. నేను ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పినదాన్ని. ఈ పాఠంలో పిల్లలకు గుర్తుండిపోయేది ఆరుగురు భార్యలే. మిగతాదంతా పరీక్ష అయిన మర్నాటికి మర్చిపోతారు. ఆ మిగతాదే మీకిప్పుడు అవసరం.

ఆ మెసేజ్‌లోని రాజు ఇంగ్లండ్‌ను ఏలిన ఎనిమిదో హెన్రీ. ఆయనకు కొడుకు కోసం అంత ఆరాటం ఎందుకో తెలియాలంటే వాళ్ళ నాన్న దగ్గర మొదలుపెట్టాలి. ఏడో హెన్రీకి సింహాసనం ఎవరూ పిలిచి ఇవ్వలేదు. 1485 ఆగస్టులో బోస్వర్త్ దగ్గర జరిగిన యుద్ధంలో మూడో రిచర్డ్ రాజు చనిపోతే ఆ కిరీటం ఇతనికి దక్కింది. వంశం లెక్కన చూస్తే తల్లి వైపు నుంచి వచ్చిన బలహీనమైన హక్కే. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆ దేశంలో దాయాదులు సింహాసనం కోసం ఒకరినొకరు చంపుకున్నారు. కొడుకు లేకుండా రాజు కన్నుమూస్తే ఆ రోజులే మళ్ళీ వస్తాయన్న భయం ఆ ఇంటిని ఎప్పుడూ వదల్లేదు.

పెద్ద కొడుకు ఆర్థర్‌కు 1501లో స్పెయిన్ రాజకుమారి కేథరిన్‌తో పెళ్ళి చేశారు. ఐదు నెలలకే ఆ అబ్బాయి పోయాడు. ఆ సంబంధం పోగొట్టుకోవడం ఇష్టం లేక, అన్న భార్యను తమ్ముడికి చేయడానికి పోపు దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకున్నారు. 1509లో రాజైన హెన్రీ ఆమెను పెళ్ళాడాడు. పుట్టిన బిడ్డల్లో బతికింది ఒక్క మేరీయే.

ఇక్కడ మీ నాన్నగారికి కంఠస్థంగా వచ్చే రెండు వచనాలు వస్తాయి. సహోదరుడి భార్యను చేర్చుకుంటే సంతానం ఉండదని లేవీయకాండము 20:21 చెబుతుంది. అన్న సంతానం లేకుండా చనిపోతే ఆ వదినను తమ్ముడు పెళ్ళాడాలని ద్వితీయోపదేశకాండము 25:5 చెబుతుంది. కేథరిన్‌ను వదిలి ఇంకో పెళ్ళి చేసుకోవాలనుకున్న హెన్రీ మొదటిది పట్టుకున్నాడు. కేథరిన్ తరఫువాళ్ళు రెండోది పట్టుకున్నారు. ఇంట్లో కూతురు ఆడుకుంటూ ఉండగా "నాకు సంతానం లేదు" అని వాదించాడాయన. కూతురు ఆయన లెక్కలోకే రాలేదు. 1529లో లండన్‌లో కూర్చున్న విచారణలో కేథరిన్ అందరి ముందూ భర్త ఎదుట మోకరించి, ఇన్నేళ్ళు నమ్మకంగా కాపురం చేశాను కదా, నేనేం తప్పు చేశానని అడిగి బయటికి నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి పిలిచినా రాలేదు. ఆ రోజు ఆమె పక్షాన ఉండాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కాబట్టి అబ్బాయి వాళ్ళ నాన్నగారికి ఈ విషయంలో కోపం ఉంటే ఆ కోపం న్యాయమే.

పోపు ఎందుకు ఒప్పుకోలేదు? సిద్ధాంతం ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. 1527లో కేథరిన్ అక్క కొడుకు అయిదో చార్లెస్ చక్రవర్తి సైన్యం రోమ్‌ను దోచుకుంది, పోపు ఏడో క్లెమెంట్ వాళ్ళ చేతిలో బందీ అయ్యారు. పిన్నిని వదిలేయడానికి అనుమతి ఇస్తే ఆ చక్రవర్తి ఊరుకుంటాడా? అంటే అవతలి పక్కన కూడా రాజకీయం ఉంది. వాట్సాప్ మెసేజ్‌లో ఆ ముక్క ఉండదు.

తర్వాత జరిగినదాన్నే చరిత్ర చదివినవాళ్ళు జాగ్రత్తగా చూడాలి. హెన్రీ కత్తి పట్టుకుని చర్చిని లాక్కోలేదు. మంత్రి థామస్ క్రామ్‌వెల్ సాయంతో పార్లమెంటు చేత ఒక్కొక్క చట్టం చేయించాడు. 1533లో, ఇంగ్లండ్ ఎవరికీ లోబడని సామ్రాజ్యం, ఇక్కడి తగాదాలు రోమ్‌కు వెళ్ళకూడదు అన్నారు. 1534లో, ఇంగ్లండ్ సంఘానికి భూమి మీద ఏకైక శిరస్సు రాజే అన్నారు. అంతవరకూ రోమ్‌కు వెళ్ళే రాబడి రాజు ఖజానాకు తిరిగింది. కాదన్నవాళ్ళను రాజద్రోహులన్నారు. 1535లో బిషప్ జాన్ ఫిషర్‌ను, రాజుకు ఒకప్పుడు ఛాన్సలర్‌గా ఉన్న థామస్ మోర్‌ను తల నరికించారు. మరుసటి ఏడాది నుంచి 1540 దాకా దేశంలో ఉన్న మఠాలన్నీ, దాదాపు 800, మూయించి ఆ భూములు రాజు తీసుకున్నాడు. తర్వాత వాటిలో చాలా భాగం పెద్ద రైతులకు, జమీందార్లకు అమ్మేశారు. ఈ అమ్మకమే కథను మార్చేసింది. భూములు కొన్నవాళ్ళకు పాత మతం తిరిగి వస్తే ఆ భూములు పోతాయన్న భయం పట్టుకుంది. 1553లో రోమ్ పక్షపు రాణి సింహాసనం ఎక్కినా వాళ్ళ చేత ఆ భూములు వదిలించలేకపోయింది.

మరి హెన్రీ ప్రొటెస్టెంటా? కాదు. పోపును కాదన్న ప్రొటెస్టెంట్ మార్గాన్ని జర్మనీలో మొదలుపెట్టిన లూథర్‌ను 1521లో ఖండిస్తూ పుస్తకం రాసి, పోపు చేత "విశ్వాస సంరక్షకుడు" అనే బిరుదు పొందినవాడు. ఆ బిరుదు గుర్తు బ్రిటన్ నాణేల మీద ఇప్పటికీ ఉంది. రోమ్‌తో తెగిపోయాక కూడా కేథలిక్ పద్ధతి పూజను, ఫాదర్ల బ్రహ్మచర్యాన్ని వదలొద్దని 1539లో చట్టం చేయించాడు. 1540 జూలై 30న లండన్‌లో ఒకే రోజు ముగ్గురు కేథలిక్కులను రాజద్రోహమని ఉరితీశారు, ముగ్గురు ప్రొటెస్టెంట్లను తప్పుడు బోధ అని కాల్చేశారు. ఆయన కోరుకున్నది కొత్త విశ్వాసం కాదు, ఉన్న విశ్వాసం మీద పెత్తనం. మీరన్న మాటలో సగమే నిజం అన్నది ఇందుకే. రోమ్‌తో తెగతెంపులు రాజు పెళ్ళి వల్లే జరిగాయి. మీ నాన్నగారు నమ్మే సంగతులు మాత్రం ఆ పెళ్ళిలోంచి పుట్టలేదు.

అవి వేరే చోట పుట్టాయి. విలియం టిండేల్ అనే ఆయన ఇంగ్లిషు కొత్త నిబంధనను 1526లో జర్మనీలో అచ్చువేయించి దొంగచాటుగా దేశంలోకి పంపేవాడు. లండన్‌లో ఆ ప్రతులను తగలబెట్టారు. హెన్రీ పెళ్ళి రద్దును కూడా ఆయన తప్పుపట్టాడు. 1536లో ఇప్పటి బెల్జియంలో ఆయన్ని గొంతు నులిమి చంపి, శవాన్ని కాల్చారు. రెండేళ్ళకు అదే హెన్రీ ప్రతి గుడిలో ఇంగ్లిషు బైబిలు పెట్టాలని ఆజ్ఞాపించాడు. దాని అనువాదంలో ఎక్కువ భాగం ఆ కాలిపోయినవాడిదే. మీ నాన్నగారు "వాక్యం మీద నిలబడిన సంఘం" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇలాంటి మనుషులు. హెన్రీ కాదు.

తర్వాత ఇరవై ఏళ్ళు ఆ దేశంలో మామూలు జనం పడిన బాధ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1547లో హెన్రీ పోయాక, తర్వాతి పెళ్ళి వల్ల పుట్టిన కొడుకు, తొమ్మిదేళ్ళ ఆరో ఎడ్వర్డ్ రాజయ్యాడు. ఆయన పేరుతో ఏలినవాళ్ళు నిజంగానే ప్రొటెస్టెంట్ మార్పులు తెచ్చారు. ఆర్చిబిషప్ క్రాన్మర్ 1549లో ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం తెచ్చాడు. మా లాటిన్ పూజ మాకు కావాలని డెవన్, కార్న్‌వాల్ రైతులు తిరగబడితే చంపేశారు. 1553లో మేరీ వచ్చింది, అప్పట్లో లెక్కలోకి రాని ఆ కూతురే. తల్లి అవమానం మర్చిపోలేదు. మళ్ళీ రోమ్‌తో కలిపింది. నాలుగేళ్ళలోపే దాదాపు 280 మందిని కాల్పించింది. క్రాన్మర్ మొదట భయపడి తన నమ్మకం తప్పని సంతకం పెట్టాడు. 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో కాల్చే రోజున మాత్రం సంతకం పెట్టిన కుడి చేతిని ముందు మంటలో పెట్టాడు. 1558లో మేరీ సవతి చెల్లెలు ఎలిజబెత్ వచ్చింది. ఆమె కాలంలో నూటికి పైగా కేథలిక్ ఫాదర్లను చంపారు. రెండు వైపులా హతసాక్షులున్నారమ్మా. ఒకరి చావు చూపించి ఇంకొకరి విశ్వాసాన్ని తక్కువ చేయడం ఎవరికీ తగదు.

మీకు ఒక పల్లెటూరి ఫాదర్ గురించి చెప్పాలి. డెవన్‌లో మోర్‌బాత్ అనే చిన్న ఊరు. క్రిస్టఫర్ ట్రైకే అనే ఆయన 1520లో అక్కడికి వచ్చి 1574 దాకా అదే గుడిలో సేవ చేశారు. హెన్రీ, ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్, నలుగురి ఆజ్ఞలూ ఆయన కళ్ళ ముందే మారాయి. గుడి జమాఖర్చులు తన చేత్తో రాశారు, ఆ లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి. చనిపోయినవాళ్ళ కోసం చేసే పూజకు నల్లని వస్త్రాలు కొనాలని ఊరివాళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టారు. కొనుక్కున్నది 1547లో. అదే ఏడు పాలన మారింది, కొద్ది కాలానికే ఆ పూజే నిషేధమైంది. ఆయన ఊరు విడిచి వెళ్ళలేదు. కొత్త పుస్తకం వస్తే కొత్త పుస్తకం చదివారు. పిల్లలకు బాప్తిస్మాలిచ్చారు, పెళ్ళిళ్ళు చేశారు, సమాధుల దగ్గర నిలబడ్డారు. ఆయన చేసింది రాజు కొలువా? ఊరి కొలువా? మీ నాన్నగారి 31 ఏళ్ళ గురించి మీరన్న మాటను ఈ ప్రశ్న పక్కన పెట్టి చూసుకోండి.

ఎలిజబెత్ చేసిన ఒక పని నాకు బాగా ఇష్టం. ఆమె తనను సంఘానికి శిరస్సు అనిపించుకోలేదు, పరిపాలకురాలు అంది. 1559 ప్రార్థన పుస్తకంలో బల్ల దగ్గర, అంటే క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, రొట్టె ఇచ్చేటప్పుడు చెప్పే మాటలు చూడండి. క్రీస్తు శరీరం నీ దేహాన్నీ ఆత్మనూ కాపాడుగాక అన్నది 1549 పుస్తకంలోని మాట. పాత నమ్మకం ఉన్నవాళ్ళకు అది సరిపోతుంది. ఆయన నీ కోసం చనిపోయాడని జ్ఞాపకం చేసుకుంటూ తిను అన్నది 1552 నాటి మాట. కొత్త నమ్మకం వాళ్ళకు అది సరిపోతుంది. ఈమె కాలంలో రెండింటినీ ఒక దాని వెంట ఒకటి కలిపేశారు. పక్కపక్కన మోకరించిన ఇద్దరిలో ఒక్కొక్కరు ఒక్కో వాక్యం గుండెలో పెట్టుకుని వెళ్ళొచ్చు. ఇది కూడా రాజకీయమే, ఆదివారం గుడికి రానివాళ్ళకు 12 పెన్నీలు జరిమానా వేసిన రాణి ఆమే. అయినా ఆ రెండు వాక్యాలు ఆ తర్వాతి పుస్తకంలోనూ అలాగే కలిసి ఉన్నాయి, తెలుగులోకీ వచ్చాయి. మీ తాతగారి పెట్టెలో పాత ప్రార్థన పుస్తకం ఉందేమో చూడండి.

ఆ తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను. ఎలిజబెత్ తర్వాత రాజై, బిషప్పులు లేకపోతే రాజూ ఉండడని నమ్మిన మొదటి జేమ్స్, ఆయన కొడుకు మొదటి చార్లెస్ చర్చిని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. చార్లెస్ తల 1649లో తెగింది. ఆయన భార్య ఆర్‌సీఎం. ఆయన కొడుకు రెండో చార్లెస్ భార్యా ఆర్‌సీఎమ్మే, పోర్చుగల్ రాజకుమారి. మన బొంబాయి ఇంగ్లిషువాళ్ళ చేతికి వచ్చింది ఈ పెళ్ళి కట్నంగానే. కేథలిక్ అయిన రెండో జేమ్స్‌ను 1688లో తరిమేశాక, 1701లో పార్లమెంటు చట్టం చేసింది. కేథలిక్కులు రాజు కాకూడదు, కేథలిక్కును పెళ్ళాడినవాళ్ళూ కాకూడదు. చూశారా, పార్లమెంటు చేత చట్టం చేయించి హెన్రీ చర్చిని తన చేతిలోకి తెచ్చుకున్నాడు. అదే పార్లమెంటు చివరికి రాజు ఏ గుడికి వెళ్ళాలో, ఎవరిని చేసుకోకూడదో చెప్పే స్థితికి వచ్చింది.

ఈ పెళ్ళి నిషేధం ఎన్నాళ్ళుందో తెలుసా? 2015 దాకా. కెంట్ ప్రిన్స్ మైకేల్ 1978లో కేథలిక్ స్త్రీని పెళ్ళాడి వారసుల వరసలో తన చోటు పోగొట్టుకున్నారు. 2013లో చేసిన చట్టం 2015లో అమలులోకి వచ్చాక ఆయన చోటు ఆయనకు తిరిగి వచ్చింది. 2025 అక్టోబరులో మూడో చార్లెస్ రాజు, పోపు పద్నాలుగో లియో వాటికన్‌లో సిస్టీన్ చాపెల్‌లో పక్కపక్కన ప్రార్థన చేశారు. సింహాసనం కోసం గీసిన గీతను ఆ సింహాసనం వాళ్ళే చెరుపుకుంటున్నారు. ఆ గీత మీ భోజనాల బల్ల మీద ఎందుకుండాలి?

ఇక మీ సంఘం. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నంలో దిగారు. వాళ్ళను పంపింది రాజు కాదు, చందాలు పోగుచేసుకున్న విశ్వాసులు. 1912లో అజరయ్య గారు దోర్నకల్‌కు బిషప్పయ్యారు, ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ సంఘం నుంచి వచ్చిన సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1930లో ఇక్కడి ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండ్ సంఘం నుంచి చట్టప్రకారం విడిపోయింది. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి మద్రాసులో సీఎస్‌ఐ అయ్యాయి. తరాల తరబడి ఒకరి బల్ల ఒకరు ముట్టనివాళ్ళు మధ్యలో ఏ రాజూ లేకుండా, 28 ఏళ్ళు మాట్లాడుకుని కలిశారు. మీ నాన్నగారు అభిషేకం పొందింది ఆ సంఘంలో. "రాజు కొలువు" అన్న మాట ఎందుకు అబద్ధమో ఇప్పుడు మీరే చెప్పగలరు.

అందుకని క్షమాపణ విషయంలో నా సలహా ఇది. చదివింది తప్పని చెప్పనక్కర్లేదు. "చరిత్ర గురించి అన్న మాట మనం కూర్చుని మాట్లాడుకుందాం నాన్నా. మీ సేవ గురించి అన్న మాట మాత్రం మిమ్మల్ని బాధపెట్టాలనే అన్నాను, అది తప్పు" అని చెప్పొచ్చు. పెళ్ళి మాట ఆ రోజు ఎత్తకండి. రెండూ కలిపితే సంబంధం ఒప్పించుకోవడానికే దిగివచ్చారని ఆయనకు అనిపిస్తుంది. ఆయన వెంటనే కరిగిపోతారని నేను మాటివ్వలేను. సొంత బిడ్డ నోట తన జీవితమంతా వృథా అని విన్న మనిషికి సమయం పడుతుంది.

పెళ్ళికి మీ ముందు మూడు దారులున్నాయి. ఆర్‌సీఎం గుడిలో చేసుకోవాలంటే మీరు మారనక్కర్లేదు. చాలా ఇళ్ళలో మారమని అడుగుతారు కానీ వాళ్ళ సభ నియమంలో అది లేదు. మీ బాప్తిస్మం వాళ్ళకు చెల్లుతుంది. పేర్లే వేరు, ఇక్కడ బాప్తిస్మం, అక్కడ జ్ఞానస్నానం. మేత్రాణుల, అంటే వాళ్ళ బిషప్పు అనుమతి తీసుకోవాలి. పిల్లల్ని తన విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని అబ్బాయి మాటివ్వాలి, ఆ సంగతి మీకు చెబుతారు. మీ చేత సంతకం అడగరు. అయినా ఆ మాట బరువు మీ ఇంట్లో ఉంటుంది. పిల్లల విషయం ఇప్పుడే మీరిద్దరూ మనసు విప్పి మాట్లాడుకోకపోతే, తొలి బిడ్డ పుట్టిన వారానికి ఈ రెండు కుటుంబాలూ మళ్ళీ యుద్ధం మొదలుపెడతాయి.

సీఎస్‌ఐ గుడిలో చేసుకోవాలంటే అబ్బాయి తన మేత్రాణుల దగ్గర ముందుగా ప్రత్యేక మినహాయింపు తెచ్చుకోవాలి. అది ఉంటే ఆ పెళ్ళిని వాళ్ళ సభ కూడా ఒప్పుకుంటుంది. లేకపోతే ఆ అబ్బాయి తన గుడిలో దివ్యసత్ప్రసాదానికి, అంటే మీరు బల్ల అనేదానికి దూరమవుతాడు. మీకోసం అతను దాన్ని కూడా వదులుకుంటానంటే తొందరపడి ఒప్పుకోకండి. మీ నాన్నగారికి బల్ల ఎంతో, అతనికి అదీ అంతే.

1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్ళికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చట్టం దృష్టిలో దీనికి ఏ లోటూ లేదు. కానీ అబ్బాయికి పైన చెప్పిన ఇబ్బంది దీంట్లోనూ ఉంటుంది, మీ రెండిళ్ళ పెద్దలు కూడా పెళ్ళి జరగనట్టే భావిస్తారు. ఇద్దరికీ విశ్వాసం ముఖ్యమని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది కాబట్టి ఇది చివరి దారిగా ఉంచుకోమంటాను. ఆగడం కూడా ఒక దారే, కాకపోతే ఎన్నాళ్ళో ముందే అనుకుని ఆగండి. గడువు లేకుండా ఆగితే మీ ఇద్దరి మధ్యే విసుగు పుడుతుంది.

ఆ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు మీరివ్వొద్దు. వాళ్ళ నాన్నగారికి ఆ అబ్బాయే చెప్పాలి, గౌరవంగా, ఎదురుగా కూర్చుని. మీరు మీ ఇంట్లో ఎంత కష్టపడుతున్నారో అతనూ తన ఇంట్లో అంత కష్టపడాలి. ఆ మాట చెప్పడానికి అతను వెనకాడితే, పెళ్ళి ఏ గుడిలో అన్న ప్రశ్న కంటే అది పెద్ద ప్రశ్న.

మీ నాన్నగారితో మాట ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదన్నారు. కుటుంబ ప్రార్థన అయిపోయాక ఆయన బైబిలు ఆయన చేతికిచ్చి, లేవీయకాండము 20:21, ద్వితీయోపదేశకాండము 25:5 తీయమనండి. ఒక చోట వద్దని, ఒక చోట చేసుకోమని ఎందుకుందని అడగండి. ఐదు వందల ఏళ్ళ కిందట ఒక దేశం మొత్తం ఈ రెండు వచనాల మధ్య నలిగిపోయిందని, ఆయన ఏమంటారో తెలుసుకోవాలనుందని చెప్పండి. చిన్నప్పుడు మీకు బైబిలు నేర్పింది ఆయనే కదా. ఆయన ఏం చెప్పారో నాకు కూడా రాయండి.